మీరు మూసేసిన ఫిర్యాదు గురించి మళ్లీ రాస్తున్నాను

కస్టమర్ కేర్ విభాగం ప్రధాన అధికారి గారికి,

విషయం: నా 2012 మోడల్ డీజిల్ బండి ఇంజను ఘాట్ రోడ్డు మీద వేడెక్కడం, దాని మీద ఇచ్చిన ఫిర్యాదులను పని చెయ్యకుండానే మూసెయ్యడం.

అయ్యా,

"మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరించబడింది" అని మీ కంపెనీ నుంచి నా ఫోనుకు మళ్లీ మెసేజ్ వచ్చింది. ఎవరిని అడిగి ఆ మాట రాశారు? నన్నయితే ఎవరూ అడగలేదు. బండి ఘాట్ ఎక్కించి చూసినవాళ్లూ లేరు. బండి చెడిపోయినందుకు నేను ఇంత బాధపడటం లేదు. పదమూడేళ్లు దాటిన బండి, ఏదో ఒకటి వస్తుంది, బాగు చేయించుకుంటాం. బాగు చెయ్యకుండానే బాగైపోయిందని రాసుకుని నన్ను పక్కకు నెట్టేశారు చూడండి, అది నేను ఓర్చుకోలేకపోతున్నాను.

నాది శృంగవరపుకోట. టాక్సీ నడుపుకుంటాను. విశాఖ రైల్వే స్టేషన్లో దిగినవాళ్లను బొర్రా గుహలకు, అరకుకు తీసుకెళ్లి తీసుకురావడమే మా ఇంటి బతుకుతెరువు. మా నాన్నగారు నడిపిందీ మీ కంపెనీ బండే. మా బావ, మా స్టాండులో ఇంకొందరు నా మాట నమ్మి మీ బండ్లే కొన్నారు. ఇప్పుడు వాళ్లే నన్ను అడుగుతున్నారు, ఏమన్నారు మీ కంపెనీవాళ్లు అని. నా దగ్గర జవాబు లేదు.

బండి సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీవాళ్లకు ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. పల్లంలో ఏ తేడా ఉండదు. పెందుర్తి, కొత్తవలస మీదుగా మా ఊరు ఎస్.కోట వచ్చేదాకా ఇంజను వేడి చూపే ముల్లు సగంలోనే ఉంటుంది. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక, మనుషులు నిండుగా ఉండి ఏసీ వేస్తే, ముల్లు పైకి పాకుతుంది. డముకు వ్యూ పాయింట్ దగ్గరికి వచ్చేసరికి ఎర్రగీత తాకుతుంది. ఇంజనును చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, తగ్గిపోతోంది, కింద మాత్రం ఒక్క చుక్క పడదు. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే రేడియేటర్ పై గొట్టం గట్టిపడిపోతుంది, కూలెంట్ డబ్బాలో బుడగలు లేస్తాయి. ఇంజను ఇంకా వేడెక్కనే లేదు, ఆ ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తోంది? సిలిండర్లో మండిన గ్యాసు, ఇంజనుకూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య బిగుతుగా ఉండే హెడ్ గాస్కెట్ దాటి నీటిదారిలోకి వస్తోందేమో చూడాలని మా ఊరి మెకానిక్ మొదటిరోజే అన్నాడు. దానికి చిన్న పరీక్ష ఉందట. రేడియేటర్ మూతి దగ్గర నీలం ద్రవం ఉన్న గొట్టం పెడితే, గ్యాసు తగలగానే ద్రవం రంగు మారుతుందట. ఆ పరికరం అతని దగ్గర లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఉంటుంది, అక్కడ చేయించుకో అని పంపాడు. కంపెనీ పేరు మీద అతనికున్న పాటి నమ్మకం నాకూ ఉండబట్టే విశాఖలోని మీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను.

అక్కడ సర్వీస్ అడ్వైజర్ నేను చెబుతున్నంతసేపూ చేతిలో ట్యాబ్ చూసుకుంటూనే ఉన్నాడు. జాబ్ కార్డులో "జనరల్ చెకప్" అని రాశాడు. "బాబూ, ఘాట్లో వేడెక్కుతోంది, కూలెంట్ తగ్గుతోంది, గ్యాసు పరీక్ష చెయ్యాలి అని రాయండి" అన్నాను. "అదంతా లోపల చూసుకుంటాం సార్" అన్నాడు. సాయంత్రానికి కూలెంట్ పారడాన్ని అదుపుచేసే థర్మోస్టాట్ మార్చి, నీళ్లతో కడిగి, బిల్లు చేతిలో పెట్టాడు. ట్రయల్ చూశారా అంటే, చూశాం, నార్మల్ అన్నాడు. ఎక్కడ చూశారయ్యా అంటే హైవే మీద. చదును రోడ్డు మీద నా బండికి ఏ జబ్బూ లేదని నేనే చెప్పాను కదా!

తర్వాత రేడియేటర్ మూత మార్చారు. ఆ తర్వాత రేడియేటర్ శుభ్రం చేశారు. దేనికదే వేరే బిల్లు. ప్రతిసారీ అదే హైవే, అదే "నార్మల్". డీజిల్ నేను పోస్తాను, ఘాట్ దాకా ఒక మనిషిని పంపండి అని బతిమాలాను. అంతదూరం పర్మిషన్ లేదన్నారు. పోనీ ఊళ్లోనే ఉంది కదా సింహాచలం కొండ, ఆ రోడ్డు మీదైనా ఒకసారి ఎక్కించండి అన్నాను. దానికీ లేదన్నారు. షెడ్డులో పనిచేసే ఒక పెద్ద వయసు మెకానిక్ మాత్రం నన్ను పక్కకు పిలిచి, "గాస్కెట్టే చూడాలి బాబూ, కానీ కార్డులో లేని పని మమ్మల్ని ముట్టుకోనివ్వరు" అన్నాడు. మీ సర్వీస్ సెంటర్ మొత్తంలో నాకు నిజం చెప్పింది ఆయనొక్కడే.

వర్క్స్ మేనేజర్ దగ్గరికి వెళ్తే, "పాత బండి సార్, ఇలాగే ఉంటుంది" అన్నాడు. ఆయన గది నుంచి బయటికి వచ్చేసరికి సేల్స్ కుర్రాడు ఎదురొచ్చి, ఎక్స్చేంజ్ బోనస్ ఉంది, కొత్తది చూడండి సార్ అన్నాడు. నేను అమ్మడానికి రాలేదు, బాగు చేయించుకోవడానికి వచ్చాను. బిల్లు కట్టి బయటపడుతుంటే అడ్వైజర్ వెనకాలే వచ్చి, "ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది సార్, పదికి పది చెప్పండి, లేకపోతే నా ఇన్సెంటివ్ పోతుంది" అన్నాడు. ఆ కుర్రాడి జీతం మీద నాకు కోపం లేదు. కానీ మీరు అతని మార్కులు లెక్కపెడుతున్నారు, నా ఇంజను ఎందుకు మరుగుతోందో లెక్కపెట్టడం లేదు.

ఇక మీ కాల్ సెంటర్. తెలుగు కోసం అని నంబరు నొక్కితే హిందీలో పలికారు. నాకు వచ్చిన హిందీలోనే చెప్పుకున్నాను. ఫోను చేసినప్పుడల్లా చాసిస్ నంబరు దగ్గర నుంచి మొదలు, కథంతా కొత్తగా చెప్పాలి, కొత్త ఫిర్యాదు నంబరు ఇస్తారు. ఆ ఫిర్యాదు ఎవరికి పంపుతున్నారో తెలుసా అండీ? నేను ఎవరి మీద ఫిర్యాదు చేశానో ఆ అడ్వైజర్‌కే. అతను "కస్టమర్‌తో మాట్లాడాం" అని రాస్తాడు, మీరు మూసేస్తారు. ఆ సర్వీస్ సెంటర్ నడిపే డీలర్‌ను అడిగితే కంపెనీ నుంచి అప్రూవల్ రాలేదంటాడు. కంపెనీని అడిగితే డీలర్‌తో మాట్లాడుకోమంటారు. రీజనల్ ఆఫీసుకు చేస్తే సార్ మీటింగ్‌లో ఉన్నారు. ఈమెయిల్ పెడితే, మీ మెయిల్ అందింది అని కంప్యూటర్ జవాబు. కింద మనిషి పేరు లేదు. బంతిని కాళ్లతో అటూ ఇటూ తన్నినట్టు తన్నారు నన్ను.

ఈలోపు జరిగే నష్టం ఎవరిది? ఇంజను మరిగిన ప్రతిసారీ సిలిండర్ హెడ్ వంకరపోయే ప్రమాదం పెరుగుతుంది. గాస్కెట్‌తో పోయే పని హెడ్ మార్చేదాకా వెళ్తుంది. మొదటిరోజే పరీక్ష చేసి ఉంటే అయ్యే ఖర్చు వేరు, ఇప్పుడు అయ్యేది వేరు. పైగా నేను తీసుకెళ్లేది మనుషుల్ని. మలుపులో ఆగిపోతే వెనక బస్సులు, లారీలు ఉంటాయి. సీజన్ అంతా ఘాట్ కిరాయిలు వేరేవాళ్లకు ఇచ్చుకున్నాను.

మీ మేనేజర్ ఇంకో మాట కూడా అన్నాడు, నాది పసుపు బోర్డు బండి కాబట్టి వినియోగదారుల కోర్టుకు వెళ్లినా చెల్లదని. 2019 వినియోగదారుల రక్షణ చట్టం నేను చదివించుకున్నాను. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే వాడుకునేది వాణిజ్య అవసరం కిందికి రాదని అందులోనే ఉంది. నేనే యజమానిని, నేనే డ్రైవర్ని, నాకు ఇంకో బండి లేదు. నేను ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చని కూడా ఆ చట్టంలో ఉంది. తెలియనివాడని భయపెట్టాలని చూడకండి.

నేను ఉచితంగా చెయ్యమనడం లేదు. నా కళ్ల ముందు ఆ గ్యాసు పరీక్ష చెయ్యండి, ఫలితం కాగితం మీద రాసివ్వండి. గాస్కెట్ పోయిందని తేలితే, హెడ్ విప్పకముందే మొత్తం ఎస్టిమేట్ ఇవ్వండి. పని అయ్యాక మనుషుల బరువుతో, ఏసీతో కొండ రోడ్డు మీద ట్రయల్ చూపించండి. జబ్బు ఏమిటో చూడకుండా వరసగా మార్చిన థర్మోస్టాట్, మూత, రేడియేటర్ పనులకు తీసుకున్న డబ్బు వెనక్కి ఇవ్వండి. అన్నిటికంటే ముందు, ఆ ఫిర్యాదును పరిష్కరించినట్టు రాసిన మాట కొట్టేసి, తిరిగి తెరవండి. దానికి బాధ్యుడైన ఒక అధికారి పేరు, నేరుగా మాట్లాడే ఫోను నంబరు నాకు ఇవ్వండి. ఆ అధికారి డీలర్ మనిషి కాకూడదు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా సంతకంతో జవాబు రాకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించి, విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీ మీద, మీ డీలర్ మీద కలిపి కేసు వేస్తాను. అప్పుడు నేను అడిగేది ఈ బిల్లుల డబ్బు ఒక్కటే ఉండదు, పోయిన కిరాయిలూ ఉంటాయి. మా స్టాండులో కొత్త బండి కొనాలని చూస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు నన్ను అడిగితే జరిగింది జరిగినట్టే చెబుతాను.

ఇట్లు,
మీ బండినే నమ్ముకున్న టాక్సీ డ్రైవరు,
శృంగవరపుకోట

జతపరచినవి: జాబ్ కార్డులు, బిల్లులు, ఫిర్యాదు మూసినట్టు మీరు పంపిన మెసేజ్‌ల నకళ్లు.