శీనూ, ఆ కాగితం మీద అప్పుడే సంతకం పెట్టకు

ఒంగోలు,
ఆదివారం రాత్రి

రేయ్ శీనూ,

కందుకూరులో ఇల్లు మొదలుపెడుతున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ఎంత సంతోషమేసిందో! ఆ వెంటనే "అడుగుకి ఇంతని మాట్లాడేసుకున్నాం నాయనా, అంతా కాంట్రాక్టరే చూసుకుంటాడంట" అంది, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. సంతకం పెట్టలేదు కదా? ముందు ఇది చదువు.

మా ఇల్లు కట్టేటప్పుడు మేమూ అడుగు రేటు చూసే కాంట్రాక్టు ఇచ్చాం. కాగితం మీద రేటు, చదరపు అడుగులు, సంతకాలు, అంతే. శ్లాబు పడేదాకా బాగానే ఉన్న మనిషి, తర్వాత పిట్టగోడ లెక్కలో లేదన్నాడు, సంపు లేదన్నాడు, చివరికి బాల్కనీ సగం కొలవాలా మొత్తం కొలవాలా అని మా నాన్నతో వీధిలో నిలబడి వాదించాడు. నాన్న ఆ రోజు అన్నం తినలేదు రా.

నువ్వు రోజూ సైటు దగ్గర ఉండగలిగితే లేబర్ కాంట్రాక్టే ఇవ్వు. సిమెంటు, ఇనుము, ఇసుక, ఇటుక నువ్వే తోలించుకుంటావు, మేస్త్రీకి కూలి అడుగు లెక్కన ఇస్తావు. తిరుగుడు ఎక్కువే, కానీ ఏం పడుతుందో నీ కళ్ళ ముందుంటుంది. నెల్లూరులో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు మాత్రమే వస్తానంటే అది కుదరదు, మెటీరియల్‌తో సహా ఇవ్వాల్సిందే. అప్పుడు మాత్రం ఏ సిమెంటు, ఏ ఇనుము, 9 అంగుళాల గోడ ఎక్కడ, నాలుగున్నర ఎక్కడ, కరెంటు పాయింట్లు ఎన్ని, నీళ్ళ ట్యాంకర్ ఖర్చు ఎవరిది, అన్నీ రాయించు. "మంచి గ్రానైట్" అని రాస్తే ఒప్పుకోకు, చీమకుర్తి మనకి ఎంత దూరం, వెళ్ళి రాయి చూసి దాని రేటు వేయించు.

ఇనుము సంగతి వేరే చెప్పాలి. మా సైటుకి వచ్చిన 8 ఎంఎం కడ్డీ సన్నగా అనిపించి నాన్న సరిగ్గా మీటరు ముక్క కోయించి పక్కన చిల్లరకొట్టు కాటా మీద పెట్టించారు. 395 గ్రాములు ఉండాల్సింది 350 తూగింది. లోడంతా వెనక్కి పంపాం, లేకపోతే ఈపాటికి అదే మా నెత్తిమీద శ్లాబులో ఉండేది. లెక్క సులువే: కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగించు, మీటరుకి ఎన్ని కిలోలో వచ్చేస్తుంది.

మీ స్థలం నల్లరేగడి అన్నావు కదా, అది వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, పునాది దాని మీద నిలిస్తే గోడలు చీలతాయి. గుంట తీయించి ఇంజనీరుకి చూపించు. రేటులో ఎన్ని అడుగుల లోతు కలిసి ఉందో, అంతకు మించి తవ్వితే ఎంతో ముందే రాయించు.

డబ్బులు పునాదికి, లింటెల్‌కి (తలుపులు, కిటికీల పైన వేసే దూలం), శ్లాబుకి, ప్లాస్టరింగ్‌కి విడగొట్టి పని అయ్యాకే ఇవ్వు. చివరి 5 శాతం అక్టోబరు, నవంబరు వానలు దాటాక ఇస్తానని పట్టుబట్టు, శ్లాబు కారేదీ లేనిదీ అప్పుడే తెలుస్తుంది.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి వస్తా. గుంట తీయించి ఉంచు, ఆ కాగితం దగ్గర పెట్టుకో, స్థలంలోనే కూర్చుని ఒక్కో లైను చూద్దాం.

నీ
రమణ