చట్టం తెలియాల్సింది టీచర్లకే

సంపాదకునికి,

పిల్లల రక్షణపై మీ వ్యాసం పోక్సో (పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) శిక్షల దగ్గరే ఆగిపోయింది. 2012 నాటి ఆ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఈ సంగతి ఎంతమంది టీచర్లకు తెలుసు? మా వీధి బడి గోడ మీద రాసిన పిల్లల హెల్ప్‌లైన్ నంబర్ 1098 సగం వెలిసిపోయింది, మిగతా సగం మీద ట్యూషన్ పోస్టర్ అంటించారు. పరువు పోతుందని పెద్దలే నోరు నొక్కేస్తుంటే పిల్లలు ఎవరికి చెప్పుకోవాలి?

ఇక అణువిద్యుత్‌పై మీరు రాసిన దాని సంగతి. బొగ్గు పొగ ఉండదన్నది నిజమే. మా జిల్లాలోని కొవ్వాడలో కట్టాలనుకుంటున్న అణువిద్యుత్ కేంద్రంలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు అని రాశారు సరే, ఊరు ఖాళీ చేయాల్సిన మత్స్యకారుల గురించి ఒక్క ముక్కా లేదేం? 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం చూశాక వాళ్లకు టెన్షన్ ఉండదా? వాడేసిన ఇంధనాన్ని ఎక్కడ దాస్తారో కూడా నిపుణులతో రాయించండి.

– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం