‘టోనర్ లో’ అనగానే పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

లేజర్ ప్రింటర్ తెర మీద ‘టోనర్ లో’, అంటే ప్రింటు వేసే పొడి తగ్గిందని పడిందో లేదో, ఆ పొడి ఉండే డబ్బా (కార్ట్రిడ్జ్) పీకి చెత్తబుట్టలో పడేసేవాళ్లను రోజూ చూస్తుంటాను. అదొక అంచనా మాత్రమే. చాలా ప్రింటర్లు పొడి ఎంత మిగిలిందో తూకం వేసి చెప్పవు, ఇప్పటిదాకా ఎంత ప్రింటు వేశామన్న లెక్క చూసి చెబుతాయి. అక్షరాలు నల్లగా పడుతున్నంతకాలం కొత్తది తెచ్చి పక్కన పెట్టుకుంటే చాలు, దాన్ని విప్పక్కర్లేదు. కాగితం మీద నిలువుగా ఒకచోట వెలిసినట్టు పడితే కార్ట్రిడ్జ్ తీసి, అడ్డంగా పట్టుకుని నాలుగైదుసార్లు నెమ్మదిగా అటూ ఇటూ ఊపండి, ఓ పక్కకు చేరిన పొడి సర్దుకుని ఇంకొన్ని పేజీలు వస్తాయి.

పెట్టె మీద రాసిన పేజీల లెక్క కూడా అంతే. పేజీలో సుమారు 5 శాతం మాత్రమే నలుపు పడుతుందనుకుని వేసిన లెక్క అది. ఫొటోలు, నల్లటి పట్టీలు వేసుకుంటూ పోతే అన్ని పేజీలు ఎక్కడొస్తాయి?

ఇంకోటి, ప్రతి తప్పూ టోనర్‌ది కాదు. టోనర్ అంటే సిరా కాదు, రంగు కలిపిన సన్నటి ప్లాస్టిక్ పొడి. దాన్ని ఫ్యూజర్ దాదాపు 200 డిగ్రీల వేడితో కరిగించి కాగితానికి అంటిస్తుంది. కాబట్టి వేలితో రుద్దితే అక్షరం చెరిగిపోతోందంటే ముందు ఫ్యూజర్‌ని, కాగితం మందం సెట్టింగ్‌ని చూడాలి. అదే మచ్చ ఒకే ఎడంతో కిందిదాకా మళ్లీ మళ్లీ పడుతుంటే ఏదో ఒక రోలర్‌కో డ్రమ్‌కో గీత పడినట్టు. డ్రమ్ అంటే చాలా కార్ట్రిడ్జ్‌లలో కనిపించే, ఆకుపచ్చగానో నీలంగానో మెరిసే గొట్టం, దానికి వేలు తగలకూడదు, ఎండ అసలు తగలకూడదు. కార్ట్రిడ్జ్ బయట ఉంచాల్సివస్తే మందపాటి గుడ్డ కప్పండి.

రీఫిల్ చేయించేటప్పుడు వాడేసిన పొడి చేరే అరను ఖాళీ చేశారా అని గట్టిగా అడగండి. చాలామంది అది చేయరు, అది నిండి కారితే పేజీలు మాసిపోతాయి, తిట్లు మాత్రం రీఫిల్ పొడికి. బట్టల మీద పడితే దులిపి చన్నీళ్లతోనే కడగాలి, వేడినీళ్లు పోస్తే ఆ మరక ఇక వదలదు.

కొన్ని ప్రింటర్లు మాత్రం కార్ట్రిడ్జ్‌కుండే లెక్క చిప్ ‘సున్నా’ అనగానే లోపల పొడి ఉన్నా ఆగిపోతాయి, ఇది నాకు అస్సలు నచ్చదు. కొన్నిట్లో సెట్టింగ్స్‌లో ‘కంటిన్యూ’ అని పెట్టుకునే వీలుంది, చూసుకోండి. తయారీదారులు ఆ వీలు ప్రతి మోడల్‌లోనూ ఇవ్వాలి, ప్రింటు పలచబడిందో లేదో కళ్లతో చూసి ఎప్పుడు మార్చాలో కొనుక్కున్నవాళ్లే తేల్చుకుంటారు.

ఇట్లు,
ప్రింటర్లు బాగుచేసే ఒక పాఠకుడు