పెట్టని హెడ్‌ఫోన్

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరానికి జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇంటి సంగతులు ఒక్క ముక్కలో చెప్పేస్తా. అమ్మ మోకాళ్ల నొప్పులు కాస్త నయం, చెల్లికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది, మన వీధిలో రోడ్డు మళ్లీ తవ్వారు. అయిపోయింది. ఇక అసలు విషయానికొస్తా, ఇది నీకు చెప్తేగాని నాకు అన్నం సహించేలా లేదు.

బాబాయి కంప్యూటర్ గుర్తుందిగా, హాల్లో గుడ్డ కప్పి ఉండేది? లోపలున్నది 2012 నాటి మూడో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్. క్యాబినెట్ ఇంకా పాతది, లోపలి మదర్‌బోర్డు మార్చినప్పుడు డబ్బా మాత్రం అదే ఉంచేశారు. ఈ డబ్బా మాట గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తుంది.

ఇన్నాళ్లూ విండోస్ 10 మీద నడిచింది. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ అయిపోయింది కదా. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. దీనికి రెండూ లేవు. షాపులో అడిగితే కొత్తది కొనేయమన్నారు. బాబాయికి కావలసిందేమో పొద్దున్నే పేపర్, సాయంత్రం పద్యాలు, అంతే. అందుకని ఫైళ్లన్నీ బయట హార్డ్ డిస్క్‌లోకి తీసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేశా. వైఫై పట్టింది, ప్రింటర్ పట్టింది, తెలుగు అక్షరాలు చక్కగా కనిపించాయి. సౌండ్ మాత్రం లేదు!

ఆయన ఎన్నేళ్లు నాటకాలకి హార్మోనియం వాయించాడో నీకు తెలుసు. పరిషత్తు పోటీల్లో తీసిన రికార్డింగులు క్యాసెట్ల నుంచి ఎక్కించుకుని దాచుకున్నాడు. రాగం తీస్తుంటే జనం వన్స్‌మోర్ అని కేకలు, వెనక ఈయన హార్మోనియం. ఆ పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఫైల్ నొక్కితే టైమ్ కదులుతోంది, గీత జరుగుతోంది, స్పీకర్లలోంచి చప్పుడు లేదు. ఆయన కాసేపు చూసి "పద్యాలు పోయాయంట్రా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నాకు గుండె జారిపోయింది మామా. వెంటనే ఒక ఫైల్ నా ఫోన్లోకి ఎక్కించి వినిపించా. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలాడు.

పక్కింటి కుర్రాడొచ్చి "లినక్స్‌లో అంతే అంకుల్, సౌండ్ రాదు" అని తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. చూడకుండానే తేల్చేయడమేంటి? యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోమన్నాడు కూడా. అదీ పనిచేసేదే, కాదనను. కానీ నిన్నటిదాకా మోగిన పెట్టె ఇవాళ ఎందుకు మోగట్లేదో తెలుసుకోకుండా ఇంకో ముక్క తగిలించడం నాకు నచ్చదు. నీకూ నచ్చదు, హాస్టల్ ఫ్యాన్ విషయంలో చూశాంగా!

ఏది చెడినా ముందు వైర్లు చూడాలన్న నీ సిద్ధాంతం ప్రకారం అవే చూశా. స్పీకర్ల వైరు వెనక ఆకుపచ్చ రంధ్రంలో గట్టిగానే ఉంది. స్పీకర్లని ఫోన్‌కి పెడితే మోగాయి. తర్వాత సౌండ్ సెట్టింగ్స్ తెరిచా. అక్కడ అవుట్‌పుట్ దగ్గర ఏముందో తెలుసా? హెడ్‌ఫోన్స్! ఇంట్లో హెడ్‌ఫోనే లేదురా. డబ్బా ముందు భాగంలో రంధ్రం ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

పావుకంట్రోల్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది, అది వేసి చూశా. హెడ్‌ఫోన్స్ పక్కన 'పెట్టి ఉంది' అని, లైన్ అవుట్ (అంటే వెనక ఆకుపచ్చ రంధ్రం) పక్కన 'తీసేసి ఉంది' అని చూపిస్తోంది. కింద లెవెల్ గీత మాత్రం పద్యానికి తగ్గట్టు ఎగిరెగిరి పడుతోంది. ట్యాంకు నిండా నీళ్లుండి, మన వీధి వాల్వ్ ఎవరో కట్టేసినట్టు. డ్రైవర్ ఉంది, సౌండ్ పుడుతోంది, లేని హెడ్‌ఫోన్‌లోకి పోతోంది. హెడ్‌ఫోన్ పెట్టారనుకుంటే వెనక స్పీకర్ల నోరు నొక్కేయడం దాని పద్ధతి. ఆటోమ్యూట్ అంటారు.

టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ తెరిచి, ఆల్సామిక్సర్ అని కొట్టా. సౌండ్ లెవెల్స్ సర్దే ప్రోగ్రాం అది. మొదట ఒక్కటే గీత కనిపిస్తుంది, దాన్ని చూసి ఆగిపోకూడదు. ఎఫ్6 నొక్కి అసలు కార్డుని, అంటే హెచ్‌డీఏ ఇంటెల్ అన్నదాన్ని ఎంచుకుంటే గీతలన్నీ బయటపడతాయి. కింద ఎమ్ ఎమ్ అని ఉన్నవి మూగవి, వాటి మీదికెళ్లి ఎమ్ నొక్కితే నోరొస్తుంది. కుడి చివరికంటా వెళ్తే ఆటోమ్యూట్ మోడ్ ఉంది. బాణం మీటతో దాన్ని 'డిజేబుల్డ్' చేసి, పావుకంట్రోల్‌లో లైన్ అవుట్‌ని, తీసేసి ఉందని అది మొత్తుకుంటున్నా సరే, ఎంచుకున్నా. అంతే! వన్స్‌మోర్ కేకలతో హాలంతా మోగిపోయింది. పిన్ని వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది.

మరి విండోస్‌లో ఇన్నేళ్లూ ఎలా మోగిందని అడుగుతావు. అడుగు. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు డబ్బా విప్పా. ముందు జాక్‌ల నుంచి బోర్డుకి వెళ్లే తీగకి చివర రెండు ప్లగ్గులున్నాయి. ఒకదాని మీద ఏసీ97, రెండోదాని మీద హెచ్‌డీ ఆడియో అని సన్నటి అక్షరాలు. మొదటిది 1997 నాటి పద్ధతి, రెండోది 2004లో ఇంటెల్ తెచ్చింది. బోర్డేమో కొత్త పద్ధతిది, దానికి గుచ్చింది పాత ప్లగ్గు! రెండూ ఒకే సాకెట్‌లో పడతాయి, పిన్నుల అర్థాలే వేరు. జాక్‌లో ఏదైనా పెట్టారా లేదా అన్న కబురు హెచ్‌డీ ప్లగ్గులోనే సరిగ్గా వస్తుంది. ఏసీ97లో ఆ కబురుకి తీగే లేదు, అందుకే బోర్డు ఏదో ఒకటి ఊహించుకుంది.

విండోస్‌లో రియల్‌టెక్ (బోర్డు మీది సౌండ్ చిప్పు కంపెనీ) సౌండ్ ప్యానెల్లో 'ముందు జాక్‌ని గుర్తించవద్దు' అని ఒక టిక్కు ఉంటుంది. బోర్డు మార్చిన మెకానిక్ ఎవరో, ప్లగ్గు మార్చడం మానేసి ఆ టిక్కు పెట్టి సరిపెట్టేసి ఉంటాడు. విండోస్ తీసేయగానే దాంతోపాటు ఆ టిక్కూ పోయింది. డబ్బా తలుపు లోపల ఒక చిన్న చీటీ అంటించి ఉంటే ఎంత బాగుండేదిరా! పాత మెషిన్లలో ఇలాంటి సర్దుబాట్లు ఎన్ని ఉంటాయో, అవి ఎక్కడా రాసి ఉండవు.

పవర్ తీసేసి, ఏసీ97 ప్లగ్గు పీకి హెచ్‌డీది గుచ్చా. ఆటోమ్యూట్ మళ్లీ ఆన్ చేశా. హెడ్‌ఫోన్స్ పక్కన ఇప్పుడు 'తీసేసి ఉంది' అని వచ్చింది. మా అల్లుడి ఇయర్‌ఫోన్ తెచ్చి ముందు పెడితే స్పీకర్లు ఆగాయి, తీస్తే మోగాయి. పెట్టి తీసి, పెట్టి తీసి... బాబాయి "ఒరేయ్, పద్యం విననివ్వరా" అన్నాడు.

అన్నట్టు మీ అత్తయ్యగారి పాత మెషిన్‌కి కూడా లినక్స్ వేస్తానన్నావుగా. వేసేముందు విండోస్‌లో ఉండగానే ఆ రియల్‌టెక్ ప్యానెల్ తెరిచి, ఏ టిక్కులున్నాయో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకో. ఇంకోటి, మానిటర్ హెచ్‌డీఎంఐ (బొమ్మ, సౌండ్ రెండూ మోసే కేబుల్) మీద ఉంటే సౌండ్ అటు పోయే అవకాశం కూడా ఉంది, అప్పుడు ముందు చూడాల్సింది...

గుంటూరు బస్సుకి టైమైపోయింది, చెల్లి సామాను దింపి రావాలి. కింద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. హెచ్‌డీఎంఐ సంగతి రాత్రికి ఫోన్ చేసి చెప్తా, తొమ్మిది తర్వాత ఎత్తు.

నీ
మామ