కెపాసిటర్ లోపానికి మా లోడ్‌ను తప్పుపట్టడంపై ఫిర్యాదు

తాడిపత్రి,
అనంతపురం జిల్లా.

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: 20 హెచ్‌పీ మోటారుతో పాటు ఇచ్చిన 7.5 కేవీఏఆర్ సైజు కెపాసిటర్ మార్చి ఇవ్వడం గురించి.

అయ్యా,

మా బండల ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ కోసం నాలుగు నెలల కిందట మీ దగ్గర ఈ మోటారు, కెపాసిటర్ కొన్నాను. ఆ కెపాసిటర్‌తో పవర్ ఫ్యాక్టర్, అంటే లైను నుంచి లాగే మొత్తంలో నిజంగా పనికొచ్చే వంతు, 0.95 వస్తుందని మీ సేల్స్ అబ్బాయి కొటేషన్ మీదే రాసిచ్చాడు. గత రెండు బిల్లుల్లోనూ 0.87 దాటలేదు. ఫోన్ చేస్తే పోయిన వారం మీ మెకానిక్ వచ్చాడు. మోటారు మీది ప్లేటు చూసి, "ఇందులో 0.86 అనే ఉంది కద సార్, మీకు అంతకన్నా ఎక్కువే వస్తోంది. ఆపైన మీ లోడ్ తక్కువ" అని పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. మీటరు పెట్టి చూడనే లేదు. నాకు బాధ కలిగింది అక్కడే.

ప్లేటు మీది 0.86 మోటారు ఫుల్ లోడ్‌లో ఉన్నప్పటి లెక్క, అదీ కెపాసిటర్ లేకుండా. లోడ్ తగ్గినా మోటారులో అయస్కాంతం కోసం లాగే కరెంటు పెద్దగా తగ్గదు, అందుకే పవర్ ఫ్యాక్టర్ పడిపోతుంది. ఇది నేనూ ఒప్పుకుంటాను. కానీ నేను 15 హెచ్‌పీ అడిగితే 20 తీసుకోమన్నది మీవాళ్ళే.

ఆదివారం లైట్లతో సహా అన్నీ ఆపి, కెపాసిటర్ విప్పి, గంటసేపు ఒకే సైజు బండలు కోయించాను. వోల్టేజీ 415, వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరులో 18 ఆంపియర్లు. 1.732 ను 415 తో, 18 తో గుణిస్తే సుమారు 12.9 కేవీఏ, అంటే లైను నుంచి లాగిన మొత్తం. ఆ గంటలో కరెంటు మీటరు తిరిగింది 8.8 యూనిట్లు, అంటే 8.8 కిలోవాట్లు. 8.8 ని 12.9 తో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్ 0.68. దీన్ని 0.95 కి తేవడానికి 7.5 కేవీఏఆర్ సరిపోవాలి, మీ సైజు ఎంపికలో తప్పులేదు.

తర్వాత కెపాసిటర్ తగిలించి, దాని మూడు వైర్లకూ ఒక్కొక్కదానికే క్లాంప్ వేశాను. రాతిపొడి తుడిచి మరీ రెండుసార్లు చూశాను. 440 వోల్టులకు రాసిన 7.5 కేవీఏఆర్ కెపాసిటర్, 415 దగ్గర మూడు ఫేజుల్లోనూ సుమారు 9.3 ఆంపియర్లు తీసుకోవాలి. ఒకదాంట్లో 9.3 ఉంది, మిగతా రెండింట్లో 5.4 మాత్రమే. లోపల త్రికోణంలా (డెల్టా) కలిపిన మూడు కెపాసిటర్ యూనిట్లలో ఒకటి తెగిపోతే వచ్చే రీడింగే ఇది. మూడింట రెండు వంతులే పనిచేస్తోంది. ఆ లెక్కన 0.87 రావాలి, బిల్లులో వచ్చిందీ అంతే.

మా బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే వాడిన యూనిట్లను పవర్ ఫ్యాక్టర్‌తో భాగిస్తే వచ్చే లెక్క మీద వేస్తారు. నెలకు 2,200 యూనిట్లు వాడితే 0.95 దగ్గర 2,316 కి కట్టాలి, 0.87 దగ్గర 2,529 కి కడుతున్నాను. నెలకు వాడని 213 యూనిట్ల చొప్పున రెండు నెలలుగా డబ్బు పోతోంది. బండల రేటు అంతంత మాత్రంగా ఉన్న ఈ రోజుల్లో ఇది నాకు చిన్న విషయం కాదు.

వారంటీ ఏడాది ఉంది. పది రోజుల్లో కొత్త కెపాసిటర్ పంపి, బిగించి, మూడు ఫేజుల రీడింగ్ రాసి సంతకం పెట్టించండి. రెండు నెలల అదనపు బిల్లు మొత్తం తిరిగి ఇవ్వండి. బిల్లుల నకళ్ళు, కొటేషన్, రీడింగ్‌ల ఫోటోలు జత చేశాను. ఈసారి వచ్చే మనిషి చేతిలో క్లాంప్ మీటరు ఉండేటట్టు చూడండి.

ఇట్లు,
బండల ఫ్యాక్టరీ యజమాని