కాంటా కాడ నిలబడ్డవాళ్లకు దండాలు

యాసంగి వడ్ల కొనుగోలు ముగిసింది. మా పరకాల వైపు కొనుగోలు కేంద్రం నుంచి ఆఖరి లారీ కూడా కదిలింది. కేంద్రం నడిపిన మహిళా సంఘం అక్కచెల్లెళ్లకు, హమాలీ అన్నలకు, మిల్లు గేటు కాడ ఓపిక పట్టిన లారీ డ్రైవర్లకు ఊరి రైతులందరి తరఫున దండాలు. ఉత్త దండంతో సరిపెట్టకుండా వాళ్లు చేసిన పని రాసిపెడుతున్నాం. పక్క ఊళ్లకూ అక్కరకొస్తుంది.

రోజూ తూకానికి ముందు, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల తూకం రాయిని కాంటా పళ్లెం నాలుగు మూలలా, నడుమా పెట్టి అందరికీ చూపించారు. ఐదు చోట్లా ఒకే అంకె రావాలి, రాయి తీయగానే సున్నాకు రావాలి. మూలకో తీరుగా చూపిస్తే చాలాసార్లు నేల వాలుగా ఉన్నట్టు, లేదా కాంటా కాలు కింద పరదా మడత ఇరుక్కున్నట్టు. బస్తా పక్క కుప్పకు ఆనితే తూకం తక్కువ చూపి రైతు వడ్లు ఎక్కువ పోతాయి. ఎవరి కాలైనా పళ్లెం మీద పడితే ఎక్కువ చూపుతుంది, అది మిల్లు కాడ తరుగై తిరిగొస్తుంది.

కొత్త గోనె సంచి 580 గ్రాములు ఉండాలి. సంచికీ సంచికీ కొంత తేడా ఉంటుంది గనక పది కలిపి తూశారు: 5 కిలోల 800 గ్రాములు. బస్తాను 40 కిలోల 580 గ్రాముల కాడ ఆపారు. వాడిన సంచులు వేరుగా తూశారు. 'కిలో ఎక్కువైతే ఏమాయె' అనేవాళ్లు లెక్క వేసుకోవాలి. 100 బస్తాలకు ఒక క్వింటాలు, అంటే 2025-26 ఏ గ్రేడు మద్దతు ధరతో 2,389 రూపాయలు.

అసలు పరీక్ష అకాల వానప్పుడు. కుప్ప తడిసిన రైతుకు బేరమాడే బలం ఉండదు, ఎంత కోత పెట్టినా తలూపుతాడు. మన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించింది ఇలాంటి దిక్కులేని ఘడియ గురించే. తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును మునుపటి రాజులు గుంజుకునేవారు. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏదీ ముట్టమని సముద్ర వర్తకులకు రాతిమీద మాటిచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతు.

మన అక్కచెల్లెళ్లూ తడిసిన వడ్లకు కిలోలు కోయలేదు. పరదాల మీద పల్చగా ఆరబోయించి, గంటకోసారి తిరగేయించి, మళ్లీ తేమ చూశారు. హద్దు 17 శాతం. కుప్ప పైపొర ఒక్కటే తీస్తే ఆరినట్టే కనిపిస్తుంది, అడుగు పచ్చిగా ఉంటుంది. అందుకని ఐదు చోట్ల నుంచి, లోపలికి చెయ్యి పెట్టి తీసి కలిపారు. ఎండలో కాలిన గింజను వెంటనే మిషన్‌లో పోస్తే అంకె తప్పుతుంది, నీడన చల్లారనిచ్చారు. వచ్చిన అంకెను రైతు ముందే రాశారు. తాలు ఉన్న కుప్పల్ని మళ్లీ తూర్పారబట్టించారు. అప్పుడు కోపం చేసిన రైతులు కూడా ఈ దండం పెడుతున్నవాళ్లలో ఉన్నారు.

మిల్లు కాడ తరుగు మాట వస్తే ఎన్ని బస్తాలు, ఎందుకు అన్నది ట్రక్ షీట్ (లారీ వెంట పోయే సరుకు కాగితం) మీద రాస్తేనే సంతకమన్నారు. రాయమనగానే చాలా తరుగులు మాయమయ్యాయి!

తూకం రాయి సంఘం ఆఫీసులోనే ఉంది, అవసరమైన ఊరు తీసుకుపోవచ్చు. వానాకాలం వడ్లు వచ్చేలోగా కాంటా ముద్ర గడువు చూసుకోండి. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడాదికోసారి వేయించాలి.