అంతర సూది ఆపాక గర్భం రావడానికి ఎన్ని నెలలు పడుతుందో ముందే చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది హనుమకొండ దగ్గర పల్లె. బాబు పుట్టాక ఏడాదిన్నర పాటు మూడు నెలలకోసారి సర్కారు దవాఖానలో గర్భం రాకుండా వేసే అంతర సూది వేయించుకున్నాను, పైసా ఖర్చు లేదు, ఇబ్బందీ లేదు. రెండో కాన్పు కోసం ఆపేశాకే టెన్షన్ మొదలైంది. చివరి సూదికి ఆరు నెలలు దాటినా నెలసరి సరిగా రాలేదు, ఇక మా అత్తమ్మ "సూదులు వద్దంటే విన్నవా బిడ్డా, గర్భసంచి ఎండిపోయింది" అని పొయ్యి కాడ రోజూ అదే పాట. ఎవరో ఇచ్చిన నాటు మందు చాయ్‌లో కలిపిస్తే నేను మల్లెచెట్టుకు పోశాను (చెట్టుకేం కాలేదు లెండి).

చివరికి వరంగల్‌లో ఒక డాక్టరమ్మ చెప్పింది: ఈ సూది మందు ఒంట్లోంచి మెల్లగా పోతుంది, చివరి సూది తర్వాత గర్భం రావడానికి సగటున 7 నుంచి 10 నెలలు, కొందరికి ఏడాది పైనే పట్టొచ్చు, అంతేగానీ గొడ్రాలితనం రాదు. కాపర్‌టీ అయితే తీసేసిన వెంటనే గర్భం రావొచ్చట, రోజూ వేసుకునే మాత్రలు ఆపినా పెద్దగా ఆలస్యం ఉండదట. ఏడాది ప్రయత్నించినా, 35 దాటినవాళ్లు ఆరు నెలలు చూసినా రాకపోతే భార్యాభర్తలిద్దరూ పరీక్షలు చేయించుకోవాలని కూడా చెప్పింది. ఇద్దరూ అన్న మాట మా ఇంట్లో ఎవరికీ వినపడలేదు, అది వేరే సంగతి.

నాకు పదకొండో నెలలో గర్భం నిలిచింది. సూది వేసినప్పుడల్లా కార్డు మీద తర్వాతి తేదీ రాశారు గానీ ఈ ఆలస్యం మాట ఒక్కరూ చెప్పలేదు. ముందే తెలిసుంటే, త్వరగా రెండో బిడ్డ కావాలనుకున్న నేను కాపర్‌టీనే అడిగేదాన్ని. ఆ కార్డు వెనక బోలెడు ఖాళీ ఉంది, ఈ ముక్క అక్కడ అచ్చు వేయించమని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, హనుమకొండ జిల్లా